ఆ ఏడున్నర వేల డాలర్లు ఎవరివి?

2024 ఏప్రిల్‌లో, పన్ను పత్రాలు దాఖలు చేయవలసిన గడువుకు వారం రోజుల ముందు, డాలస్ ఉత్తర శివార్లలోని మా ఇంట్లో భోజనాల బల్ల నిండా కాగితాలు పరుచుకుని కూర్చున్నాను. అంతకు ముందు ఏడాది కొన్న ఎలక్ట్రిక్ కారు వివరాలతో 8936 అనే ఫారం నింపగానే, మేము కట్టవలసిన ఆదాయపు పన్నులోంచి 7,500 డాలర్లు తగ్గిపోయాయి. సంతోషించలేదని అబద్ధం చెప్పను. అయితే ఆ రాయితీ లేకపోయినా మేము ఆ కారు కొనేవాళ్లమే. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఇంటి గ్యారేజీలో ఛార్జరు పెట్టుకునే వీలుంది, పాత కారు అప్పటికే అమ్మకానికి పెట్టాం. అంటే ప్రభుత్వం నా చేత కొత్తగా ఏ పనీ చేయించలేదు. నేను ఎలాగూ చేయబోయే పనికి నాకు బహుమానం ఇచ్చింది.

మా వీధి మలుపులో ఉన్న గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు చేసే పెద్దాయన రెండు లక్షల మైళ్లు దాటిన పాత కొరొల్లా నడుపుతాడు. ఆయన కొత్త ఎలక్ట్రిక్ కారు కొనే అవకాశం లేదు. ఒకవేళ అప్పు చేసి కొన్నా, ఆ సంవత్సరం నిబంధనల ప్రకారం ఆ రాయితీ కట్టవలసిన పన్నుకు మించి రాదు కాబట్టి, ఆయనకు వచ్చే ఆదాయం మీద పడే పన్నుతో పోలిస్తే అందులో చాలా భాగం ఆయన చేతికి అందేదే కాదు. భార్యాభర్తలు కలిసి మూడు లక్షల డాలర్ల దాకా సంపాదించినా అప్పట్లో ఆ రాయితీకి అర్హులే. నేను ఈ వ్యాసం రాయడానికి మూలం ఆ రాత్రి కలిగిన ఆ చిన్న సిగ్గే.

పౌరసత్వం వచ్చినప్పటి నుంచి నేను వేసిన ఓట్లలో ఎక్కువ భాగం రిపబ్లికన్లకే పడ్డాయి. గుంటూరులో ఉన్న మా బాబాయి ఫోను చేసినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏరా, మీవాళ్లు భూమి వేడెక్కుతోందంటే ఒప్పుకోరట గదా?" ఒప్పుకోనివాళ్లు మా పక్షంలో ఉన్న మాట నిజమే, వారి తరఫున నేను వకాల్తా పుచ్చుకోను. బొగ్గు, చమురు, సహజవాయువు కాల్చడం వల్ల భూమి వేడెక్కుతోందన్నది నాకు సందేహం లేని విషయం. నా తగువు ఆ తరువాతి మెట్టు దగ్గర మొదలవుతుంది. ఆ కాల్చడాన్ని తగ్గించడానికి ఖర్చు అవుతుంది, ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి, భరించేవాడికి అది ఎంతో కనబడాలి. సంప్రదాయవాదం అనే మాటను రోజూ టీవీలో అరిచేవాళ్లకు వదిలేయకుండా చూస్తే, అందులో నాకు నచ్చిన అంశం ఇదే: ప్రజల సొమ్ముతో చేసే పనికి ధర ప్రజల కళ్ల ముందు ఉండాలి. అమెరికా వాతావరణ విధానం గత కొన్నేళ్లుగా ఆ ధరను దాచిపెట్టడంలోనే తన నైపుణ్యమంతా చూపించిందని నా ఆరోపణ.

2022 ఆగస్టులో వచ్చిన చట్టానికి ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం అని పేరు పెట్టారు. దానికి సెనేట్‌లో ఒక్క రిపబ్లికన్ ఓటూ పడలేదు. సభ చెరిసగమై, ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ ఓటుతో 51–50 తేడాతో గట్టెక్కింది. చట్టంలోని అతి పెద్ద భాగం ద్రవ్యోల్బణానికి సంబంధించినది కాదు, ఇంధనానికి సంబంధించినది. ఆ పేరు పెట్టకుండా ఉండవలసిందని ఏడాది తరువాత అధ్యక్షుడు బైడెనే ఒప్పుకున్నారు. పేరు సంగతి అటుంచి, లెక్క చూద్దాం. ఇంధన, వాతావరణ పద్దులకు పదేళ్లలో సుమారు 37,000 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని అప్పట్లో చెప్పారు. చాలా రాయితీలకు పైన పరిమితి లేదు: ఎంతమంది అడిగితే అంతమందికి ఇవ్వవలసిందే. మరుసటి ఏడాదే గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు విశ్లేషకులు ఆ ఖర్చు 1.2 లక్షల కోట్ల డాలర్లకు చేరవచ్చని లెక్క కట్టారు. ఒక వంతెన కట్టడానికి ఇంత తేడా వచ్చి ఉంటే పత్రికలు గగ్గోలు పెట్టేవి. ఇది బడ్జెట్‌లో ఖర్చుగా కాక, వసూలు కాని పన్నుగా నమోదవుతుంది కాబట్టి ఎవరి కంటా పడలేదు.

ఇలాంటి రాయితీలు ఎవరికి చేరతాయో తెలుసుకోవడానికి నా భోజనాల బల్ల సాక్ష్యం చాలదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలోని ఆర్థికవేత్తలు సెవెరిన్ బోరెన్‌స్టీన్, లూకస్ డేవిస్ ఆ లెక్కలు తీశారు. వారిని ఎవరూ మా పక్షం వాళ్లనరు. 2006 నుంచి 2012 వరకు దాఖలైన పన్ను పత్రాలను చూస్తే, ఇంటి కిటికీలు మార్చడం, సౌరఫలకాలు పెట్టడం వంటి వాటన్నిటికీ ఇచ్చిన రాయితీల్లో దాదాపు 60 శాతం ఆదాయంలో పై అయిదో వంతు కుటుంబాలకు చేరింది. ఎలక్ట్రిక్ కార్ల విషయంలో అది దాదాపు 90 శాతం. 2022 చట్టంలో ఆదాయ పరిమితులు పెట్టి ఈ తప్పు కొంత దిద్దారని వాదించేవాళ్లున్నారు. దిద్దిన చేత్తోనే దొడ్డిదారి కూడా తెరిచారు: కారును కొనకుండా లీజుకు తీసుకుంటే అది వాణిజ్య వాహనాల పద్దు కిందికి వచ్చేది, అప్పుడు ఆదాయ పరిమితీ లేదు, కారు ఉత్తర అమెరికాలోనే తయారై ఉండాలన్న షరతూ లేదు. మా ఆఫీసులో పై హోదాలో ఉన్నవాళ్లు ఆ దారిలో తెచ్చుకున్న విదేశీ విలాసకార్లు పార్కింగులో వరసగా కనబడేవి.

మా బాబాయికి ఇది వివరించడానికి నాకు అమెరికా ఉదాహరణ అక్కరలేకపోయింది. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజున వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. అప్పుల్లో మునిగిన రైతుకు అది ఊరట అన్న సంగతి నేను కాదనను. మా ఊళ్లోనే చూశాను. కానీ కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు దానంతటదే తిరిగేలా మోటారుకు ఆటో స్టార్టరు బిగించి, నిద్రపోయిన రాత్రులూ చూశాను. నీరు గట్టు దాటి పోతున్నా లేచి ఆపేవాడు లేడు, ఎందుకంటే ఆ నీటికి గాని, ఆ కరెంటుకు గాని ధర అనేది ఎవరికీ కనబడదు. డిస్కముల, అంటే కరెంటు పంపిణీ సంస్థల నష్టాలు మాత్రం ఎక్కడో పుస్తకాల్లో పేరుకుపోతూనే ఉన్నాయి. బోరు వేయించుకోలేని కౌలు రైతుకు ఆ ఉచితం అందలేదన్నది మరో సంగతి. "అట్లా చెప్పు మరి," అన్నాడు బాబాయి.

వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగిన కథ ఇక్కడ చెప్పవలసి ఉంది. రెడ్‌మండ్, బెల్‌వ్యూ ప్రాంతాల్లోని మన తెలుగువాళ్లు చాలామంది దాని మధ్యలోనే నివసించినా, ఇది వాళ్ల కబుర్లలో నేను విన్నది తక్కువ. 2016 నవంబరులో అక్కడి ఓటర్ల ముందుకు 732వ నంబరు ప్రతిపాదన వచ్చింది. దాని వెనక ఉన్న యోరమ్ బౌమన్ ఆర్థికవేత్త. ఆర్థికశాస్త్రం మీద జోకులు చెప్పే వేదిక హాస్యగాడు కూడా. ప్రతిపాదన సూటిగా ఉంది. కర్బన ఉద్గారాల మీద టన్నుకు 15 డాలర్లతో మొదలుపెట్టి, మరుసటి ఏడాదికి 25 డాలర్లు చేసి, ఆపైన మెల్లగా పెంచుకుంటూ పోవాలి. వచ్చిన సొమ్మును ప్రభుత్వం ఉంచుకోరాదు: అమ్మకపు పన్ను ఒక శాతం తగ్గించాలి, తయారీదార్ల మీది వ్యాపారపు పన్ను దాదాపుగా ఎత్తేయాలి, తక్కువ ఆదాయం గల కుటుంబాలకు కొంత సొమ్ము తిరిగి ఇవ్వాలి. కాలుష్యం ప్రియం కావాలి, మిగతా బతుకు చౌక కావాలి, ఖజానా బరువు పెరగరాదు. మా పక్షంవాడు రాసి ఉంటే ఇంతకన్నా బాగా రాయలేడు.

ఆ ప్రతిపాదన ఓడిపోయింది. దాదాపు 59 శాతం మంది వద్దన్నారు. పరిశ్రమలు వ్యతిరేకించడం ఎవరైనా ఊహించేదే. ఆశ్చర్యమల్లా రాష్ట్ర డెమొక్రటిక్ పార్టీ, పర్యావరణ సంఘాలు, కార్మిక సంఘాలు ఉన్న వామపక్ష కూటమి కూడా దానికి ఎదురు నిలవడం. వాళ్ల ఫిర్యాదు ఏమిటంటే, వచ్చిన సొమ్ము ప్రజలకు తిరిగి పోతోంది తప్ప తాము ఎంచిన పథకాలకు రావడం లేదని. రెండేళ్ల తరువాత, 2018లో, అదే కూటమి సొమ్మంతా పథకాలకు పోయే మరో ప్రతిపాదన తెచ్చింది. చమురు కంపెనీలు మూడు కోట్ల డాలర్లకు పైగా కుమ్మరించి దాన్ని ఓడించాయి. ఆఖరికి 2021లో శాసనసభే ఉద్గారాలకు పరిమితి పెట్టి, అనుమతులను వేలం వేసే చట్టం చేసింది. దాన్ని రద్దు చేయాలని మా పక్షం వాళ్లు 2024లో ఓటు పెట్టిస్తే, 62 శాతం మంది ఉండనివ్వమన్నారు. ఇది నా వాదానికి అనుకూలమైన అంకె కాదని నాకు తెలుసు. అయినా 2016 నాటి ఓటును నేను మరచిపోలేను. భూమి తగలబడుతోందని చెబుతున్నవాళ్లు, మంట ఆర్పే నీళ్లు తమ కుండలోంచి రాలేదు గనుక వద్దన్నారు.

మావాళ్లను వదిలిపెడితే ఈ వ్యాసం అన్యాయమవుతుంది. 2017 ఫిబ్రవరిలో, రీగన్ కాలపు మంత్రులైన జేమ్స్ బేకర్, జార్జ్ షుల్ట్స్ టన్నుకు 40 డాలర్ల కర్బన పన్ను వేసి, ఆ సొమ్మునంతా పౌరులకు సమానంగా పంచే పథకం ఒకటి ప్రకటించారు. దానికి మారుగా అనేక నియంత్రణలు ఎత్తేయాలన్నారు, కర్బన ధర లేని దేశాల నుంచి వచ్చే సరుకు మీద సరిహద్దులో సుంకం వేయాలన్నారు. ఈ ఇద్దరికన్నా నిఖార్సయిన రిపబ్లికన్లను చూపించడం కష్టం. 1990లో ఆమ్లవర్షానికి కారణమైన గంధకపు ఉద్గారాల మీద పెద్ద బుష్ ప్రభుత్వం ఇలాంటి మార్కెట్ పద్ధతినే పెట్టి, అనుకున్నదానికన్నా తక్కువ ఖర్చుతో పని జరిపించింది. ఇంత అనుభవం ఉన్నా, 2017లో మా పార్టీ ఆ పెద్దల మాటను గౌరవంగా విని పక్కన పెట్టింది. పన్ను అనే మాట వినబడితే చాలు, దాని వెనక వచ్చే వాక్యం వినకపోవడం మాకు అలవాటైపోయింది.

2025 జులై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన భారీ చట్టం ఎలక్ట్రిక్ కార్ల రాయితీని ఆ సెప్టెంబరు 30తోను, ఇళ్ల మీద సౌరఫలకాలకు ఇచ్చే 30 శాతం రాయితీని డిసెంబరు 31తోను ముగించింది. నేను దాన్ని సమర్థిస్తాను, పైన చెప్పిన కారణాలకే. ఆ రాయితీలను రద్దు చేయడం కూడా సులువుగా జరగలేదు. ప్రతినిధుల సభలో పద్దెనిమిది మంది రిపబ్లికన్లు అంతకు ముందు ఏడాదే ఆ రాయితీలను మొత్తంగా ఎత్తేయవద్దని స్పీకరుకు లేఖ రాశారు. వాళ్ల వాళ్ల నియోజకవర్గాల్లో అప్పటికే పెట్టుబడులు మొదలయ్యాయి. ఒకసారి ఇచ్చిన రాయితీకి వెంటనే కాపలాదారులు పుడతారనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

కానీ అదే చట్టాన్ని పూర్తిగా చదివితే నా సమర్థన సగంలో ఆగిపోతుంది. రాష్ట్ర, స్థానిక పన్నులకు ఫెడరల్ లెక్కలో ఇచ్చే మినహాయింపుకు 2017లో మావాళ్లే 10,000 డాలర్ల పరిమితి పెట్టారు. అది మంచి పని. పన్నులు భారీగా వేసే న్యూయార్క్, న్యూజెర్సీ ప్రభుత్వాల ఖర్చులో కొంత భాగాన్ని టెన్నెసీలోని వాడు ఎందుకు మోయాలి? 2025లో ఆ రాష్ట్రాల నుంచి ఎన్నికైన కొద్దిమంది రిపబ్లికన్లు పట్టుబట్టి ఆ పరిమితిని 40,000 డాలర్లకు పెంచుకున్నారు. పన్ను పత్రాలు వేసేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది ఇలాంటి పద్దులు విడివిడిగా చూపకుండా, ఒకే మొత్తంగా ఇచ్చే స్టాండర్డ్ డిడక్షనే తీసుకుంటారు, వాళ్లకు దీనివల్ల పైసా ప్రయోజనం లేదు. టెక్సస్‌లో ఆదాయపు పన్ను లేకపోయినా ఆస్తి పన్ను ఎక్కువ గనుక, ఈ పెంపు వల్ల లాభపడే కొద్దిమందిలో మళ్లీ నాబోటివాళ్లే ఉంటారు. ఎలక్ట్రిక్ కారు రాయితీ ఎవరి ఇంటికి వచ్చిందో, ఇదీ ఆ వీధికే వచ్చింది.

మొత్తం చట్టం పదేళ్లలో లోటును 3.4 లక్షల కోట్ల డాలర్ల మేర పెంచుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్క కట్టింది. 2024 ఆర్థిక సంవత్సరంలోనే అప్పు మీద కట్టిన వడ్డీ దేశ రక్షణ ఖర్చును మించిపోయింది. ఖర్చు తగ్గించకుండా పన్ను తగ్గించడం అంటే పన్ను తగ్గించడం కాదు; ఇంకా ఓటు హక్కు రాని పిల్లల మీద దాన్ని వేసి, వాళ్లకు చెప్పకుండా ఉండటం. కర్బన రాయితీల ధర దాచారని డెమొక్రాట్లను నిలదీసినవాడు ఇక్కడ మౌనంగా ఉంటే, వాడి తగువు దాపరికంతో కాదు, దాచినవాడి పార్టీతో.

ఇక ఉద్గారాలు నిజంగా ఎలా తగ్గాయో చూడాలి. అమెరికాలో ఇంధనం వల్ల వెలువడే బొగ్గుపులుసు వాయువు 2007లో దాదాపు 600 కోట్ల టన్నులు, 2023లో దాదాపు 480 కోట్లు. ఈ తగ్గుదలలో అధిక భాగం విద్యుత్ ఉత్పత్తిలో వచ్చింది. 2005లో దేశపు కరెంటులో సగం బొగ్గు నుంచి వచ్చేది. 2023 నాటికి అది ఆరో వంతుకు పడిపోయింది, ఆ ఖాళీని ఎక్కువగా సహజవాయువే నింపింది. ఆ వాయువును రాతిపొరల్లోంచి చౌకగా తీసే పద్ధతి మా ఇంటికి గంట ప్రయాణంలో ఉన్న బార్నెట్ షేల్ అనే రాతిపొరల ప్రాంతంలో జార్జ్ మిచెల్ అనే వ్యాపారి ఏళ్ల తరబడి పట్టు వదలకుండా చేసిన ప్రయత్నాల వల్ల కుదిరింది. ప్రభుత్వ పరిశోధన డబ్బు ఆయనకు కొంత తోడ్పడింది, అది దాచవలసిన పని లేదు. బావుల నుంచి, గొట్టాల నుంచి లీకయ్యే మీథేను ఈ లాభంలో కొంత తినేస్తుందన్న ఆక్షేపణ కూడా సరైనదే. లీకు ఆపించడానికి నియమాలు ఉండవలసిందే. అయినా వాతావరణ సదస్సుల్లో తీర్మానించకుండానే, బొగ్గును ధర ఓడించిందన్న వాస్తవం అలాగే ఉంటుంది.

గాలి కరెంటు ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం కాలిఫోర్నియాది కాదు, టెక్సస్‌ది. 1999లో అప్పటి గవర్నరు జార్జ్ బుష్ సంతకం పెట్టిన చట్టంతో మొదలై, ఆయన తరువాత గవర్నరైన రిక్ పెర్రీ హయాంలో పశ్చిమ టెక్సస్ గాలిని నగరాలకు తెచ్చే సుమారు 3,600 మైళ్ల తీగలు వేశారు. దాదాపు 700 కోట్ల డాలర్లు అయింది, ఆ ఖర్చును వినియోగదారులందరి కరెంటు బిల్లుల్లో పంచారు. ఫెడరల్ రాయితీ 1992 నుంచి గాలిమరలకు అందుతూనే ఉంది, దాన్ని లెక్కలోంచి తీసేస్తే నేనూ దాపరికం చేసినట్టే. కాని ఆ రాయితీ యాభై రాష్ట్రాలకూ ఒకటే. గాలి వీచే రాష్ట్రాలూ చాలా ఉన్నాయి. ఇక్కడ తేడా తెచ్చింది, పొలం యజమాని ఒప్పుకుంటే మర నిలబెట్టడానికి పెద్ద అడ్డు లేకపోవడం, నిలబెట్టినదాన్ని గ్రిడ్డుకు త్వరగా కలపగలగడం. న్యూ మెక్సికో గాలిని అరిజోనాకు చేర్చే సన్‌జియా తీగల మార్గాన్ని 2006లో ప్రతిపాదిస్తే, పని మొదలుపెట్టడానికి 2023 వచ్చింది. పదిహేడేళ్లు! చమురు గొట్టాన్ని ఆపడానికి తయారుచేసిన అనుమతుల చిక్కుముడిలోనే పచ్చని కరెంటు కూడా ఇరుక్కుంది. వాతావరణం కోసం ఒక్క చట్టమే మార్చమని నన్నడిగితే, రాయితీల జోలికి పోకుండా 1970 నాటి పర్యావరణ సమీక్షా చట్టాన్నే ముందు మారుస్తాను. 2023లో అప్పు పరిమితి ఒప్పందంలో భాగంగా రెండు పార్టీలూ కలిసి ఆ సమీక్షలకు రెండేళ్ల గడువు, 150 పేజీల హద్దు పెట్టాయి. మంచి ఆరంభం, అంతే.

బొగ్గుపులుసు వాయువు వదలని అణు కరెంటు గురించి రెండు మాటలు. 2021లో న్యూయార్క్ దగ్గరి ఇండియన్ పాయింట్ అణు కేంద్రాన్ని పర్యావరణం పేరు చెప్పి మూసేశారు, ఆ లోటును సహజవాయువుతో నింపుకున్నారు. కాలిఫోర్నియా తన డయాబ్లో కాన్యన్‌ను మూసేయబోయి, 2022లో ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుంది.

మావాళ్లూ తక్కువ తినలేదు. 2025లో టెక్సస్ సెనేట్ సౌర, పవన కేంద్రాలకు మాత్రమే వర్తించే ప్రత్యేక అనుమతులు పెట్టే బిల్లును ఆమోదించింది. సొంత భూమిలో ఏం చేసుకోవాలో రైతుకు చెప్పరాదని జీవితమంతా వాదించినవాళ్లు, ఆ రైతు గాలిమర పెట్టుకుంటానంటే మాత్రం ప్రభుత్వాన్ని అడగమన్నారు. అదృష్టవశాత్తు ఆ బిల్లు ప్రతినిధుల సభలో ఆగిపోయింది.

ధర కనబడేలా వేసిన పన్ను ఎలా ఉంటుందంటే, గ్యాస్ పన్ను, అంటే పెట్రోలు మీది పన్ను ఉంది. గ్యాలను మీద ఫెడరల్ పన్ను 18.4 సెంట్లు, 1993 నుంచి కదలలేదు. రోడ్డు మీద తిరిగేవాడు రోడ్డుకు కడతాడన్నది దాని సూత్రం. రెండు పార్టీలకూ దాన్ని పెంచే ధైర్యం లేక, 2008 నుంచి రోడ్ల నిధికి సాధారణ ఖజానా నుంచి సొమ్ము మళ్లిస్తున్నారు. కనబడే ధర కాస్తా కనబడని ధరగా మారింది. నా ఎలక్ట్రిక్ కారు ఆ పన్ను కూడా కట్టదు. టెక్సస్ 2023 సెప్టెంబరు నుంచి ఎలక్ట్రిక్ కార్ల రిజిస్ట్రేషన్ మీద ఏటా 200 డాలర్లు వేస్తోంది. మా వాట్సాప్ గుంపులో దాని మీద పెద్ద రభస జరిగింది. నేను నోరెత్తలేదు, ఆ 200 డాలర్లు దేనికో నాకు తెలుసు కాబట్టి.

2025 నవంబరులో, సౌరఫలకాల రాయితీ ముగియబోతున్న రోజుల్లో, ఒక సాయంత్రం మా తలుపు తట్టిన సేల్స్ కుర్రాడు తెలుగువాడే. పేరు చూసి వచ్చానన్నాడు. టాబ్లెట్ మీద మా ఇంటి కప్పు ఫొటో చూపించి, డిసెంబరు దాటితే 30 శాతం పోతుందని, ఈలోగానే బిగించేయాలని తొందరపెట్టాడు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, ఆ 30 శాతం ఎవరిస్తారని అడిగాను.

"గవర్నమెంటే ఇస్తుందన్నా, మనకేం ఖర్చు లేదు," అన్నాడు.

ఆ రాయితీ లేకుండా లెక్క చూపించమన్నాను. టాబ్లెట్‌లో చాలాసేపు వెతికాడు. ఆ లెక్క తీసే వీలు అందులో పెట్టలేదట.